కెనడాకు వలస వచ్చిన స్కాటిష్ పూర్వీకుడి సొంత ఊరు కనుక్కోవడం ఎలా?

ముందే స్కాట్లాండ్ రికార్డుల మీద పడకండి. ఒకే పేరుతో బోలెడంత మంది జాన్ మెక్‌డొనాల్డ్‌లు తగులుతారు. కెనడాలోనే ఆయన పెళ్లి, మరణ నమోదులు, సమాధి రాయి, చర్చి పుస్తకాలు వెతికి, పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు పట్టుకోండి. ఓడ ప్రయాణికుల జాబితాల మీద ఆశ వద్దు. 1865కి ముందువి పెద్దగా మిగల్లేదు.

ఆ తర్వాత స్కాట్లాండ్స్ పీపుల్ వెబ్‌సైట్ (స్కాట్లాండ్ రికార్డుల అధికారిక సైట్) చూడండి. స్కాట్లాండ్‌లో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1855లో మొదలైంది. మీ పూర్వీకుడు అంతకుముందే వెళ్లిపోయినా, అక్కడే ఉండిపోయిన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల మరణ నమోదు చూడండి. అందులో మామూలుగా తల్లిదండ్రులిద్దరి పేర్లూ, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా ఉంటాయి. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే దారి ఇదే. అంతకుముందు కాలానికి పారిష్ రిజిస్టర్లే గతి, వాటిలో ఖాళీలు ఎక్కువ. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఆనవాయితీ (మనలాగే!) అక్కడా ఉంది గానీ, దాన్ని రుజువుగా తీసుకోవద్దు.