భయం వేస్తే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: మావారి ఉద్యోగం పోయి ఏడు నెలలైంది. ఇద్దరు పిల్లలు, బడి ఫీజులు, ఇంటి లోన్. నా జీతంతో సగం నెల గడుస్తుంది, మిగతా సగానికి దాచుకున్న డబ్బులోంచి తీస్తున్నాం. మొదట్లో ఆయన బాగానే తిరిగారు. నాలుగు చోట్ల కాదన్నాక ఆగిపోయారు. యిర్మీయా 29:11, అదే 'మీకు మేలు చేయాలన్నదే నా ఉద్దేశం' అన్న వాక్యం, దేవుడు తనకిచ్చిన వాగ్దానమని, ఈ ఏడాది లోపు ఇంతకన్నా మంచి ఉద్యోగం వస్తుందని అంటారు. ఖర్చుల మాట ఎత్తితే 'నీకు విశ్వాసం లేదు' అంటారు. మా అన్నయ్యకు చెబుదామంటే వద్దంటారు. ప్రార్థన కూటంలో ఒక పెద్దావిడ కూడా భయపడటం పాపమే అన్నారు. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఫోన్ వెలుతురు తగ్గించి, దుప్పటి కింద బ్యాంకు బ్యాలెన్స్ చూసుకుంటాను. పగలు చూసిన అంకే ఉంటుంది, అయినా చూస్తాను. బైబిల్ తెరిస్తే మాట లోపలికి వెళ్లడం లేదు. దేవుణ్ని నమ్మడమంటే ఏమిటో నాకు అర్థం కావడం లేదు. నా భయం పాపమా? ఒక్కోసారి పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తోంది.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, అడగాల్సినవన్నీ అడిగేశాక, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర అన్నట్టుగా చివర్లో ఒక మాట రాశారు. లేవకపోతే బాగుండు అని. నేను అక్కడే మొదలుపెడతాను.

ఆ మాట ఇంతవరకు మీరు ఎవరితోనూ అని ఉండరు. అంటే 'విశ్వాసివై ఉండి ఇదేం మాట' అంటారని భయం. కానీ బైబిల్లో ఒక ప్రవక్తే ఆ మాట అన్నాడు. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసిన ఏలీయా, యెజెబెలు రాణి బెదిరింపు వినగానే ప్రాణం అరచేత పట్టుకుని పరుగెత్తాడు. తోడున్న పనివాణ్ని బెయేర్షెబాలో దించేశాడు. ఒక రోజు ప్రయాణమంత దూరం ఒంటరిగా అరణ్యంలోకి పోయి, ఒక చెట్టు కింద కూలబడి, 'ఇక చాలు, నా ప్రాణం తీసుకో' అన్నాడు. అప్పుడు దేవుడు ఏం చేశాడో చూడండి. ఒక్క మందలింపు లేదు. ఆయన్ని నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపేసరికి తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, పాత్రలో నీళ్లు ఉన్నాయి. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. 'ప్రయాణం నీ శక్తికి మించింది' అన్నాడు. అంతే. 'ఇక్కడేం చేస్తున్నావు' అని దేవుడు అడిగింది, ఆ బలంతో 40 రోజులు నడిచి హోరేబు కొండకు చేరిన తర్వాత.

కాబట్టి ముందు మీ ఒంటి సంగతి. ఈ వారంలోనే డాక్టర్ని కలవండి. తెల్లవారకముందే మెలకువ రావడం, చదివింది మనసుకు ఎక్కకపోవడం, బతుకు మీద ఆశ తగ్గడం, ఇవన్నీ కలిసి వారాల తరబడి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది. మాత్ర వేసుకుంటే దేవుణ్ని తక్కువ చేసినట్టవుతుందని ఎవరైనా అంటే, ఏలీయాకు రొట్టె పంపింది ఎవరో అడగండి. ఒకవేళ ఆ ఆలోచన 'లేవకపోతే బాగుండు' దగ్గర ఆగకుండా, ఏదైనా చేసుకోవాలనేంత వరకు వెళ్తే, ఆ గంటలో ఒంటరిగా ఉండొద్దు. అర్ధరాత్రయినా సరే మీవారిని లేపండి, ఆస్పత్రికి వెళ్లండి. పొద్దున చూద్దాం అనుకోకండి.

ఇక భయం పాపమా అన్న ప్రశ్న. ఆ పెద్దావిడ మీ మేలు కోరే అన్నారనుకుంటాను. కానీ బైబిల్లో 'భయపడకు' అన్న మాట ఎవరికి చెప్పారో గమనించండి. అప్పటికే భయంతో వణుకుతున్నవాళ్లకు. కింద పడ్డ పిల్లాణ్ని ఎత్తుకుంటూ తల్లి 'ఏం కాలేదు, ఏం కాలేదు' అంటుంది. అది విని పిల్లాడు ఏడుపు మానలేదని ఆమె దెబ్బ వెయ్యదు. భయం మనం పిలిస్తే వచ్చేది కాదు. వచ్చాక దాన్ని ఎక్కడికి తీసుకెళ్తామన్నదే మన చేతుల్లో ఉంటుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక మెడికల్ రిపోర్టు కోసం పదకొండు రోజులు ఎదురు చూశాను. ఇంట్లో అందరి ముందూ 'దేవుడున్నాడు, ఏం కాదు' అని ధైర్యం చెప్పేదాన్ని. స్నానాల గదిలోకి వెళ్లి, చప్పుడు బయటికి వినపడకుండా కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. రిపోర్టు బాగానే వచ్చింది, అది వేరే విషయం. ఇప్పుడు తలచుకుంటే ఆ ఏడుపుకు నాకు సిగ్గు లేదు. కుళాయి తిప్పినందుకే సిగ్గు. మా ఇంట్లోవాళ్లకు వినపడకూడదనుకున్నాను సరే, దేవుడికి కూడా వినపడకూడదన్నట్టే తిప్పాను.

మీ దుప్పటి కింద ఫోన్ కూడా ఆ కుళాయి లాంటిదే.

యూదా రాజు హిజ్కియాకు అష్షూరు రాజు దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. 'ఏ దేశాన్నీ దాని దేవుడు నా చేతిలోంచి కాపాడలేదు, నిన్నెవడు కాపాడతాడు' అన్నది దాని సారాంశం. అది ఉత్తి బెదిరింపు కూడా కాదు, సైన్యం నిజంగానే ముంచుకొచ్చింది. హిజ్కియా ఆ ఉత్తరాన్ని ఆసాంతం చదివాడు. దాన్ని మందిరానికి తీసుకుపోయి దేవుని ముందు విప్పి పరిచాడు. 'చెవి పెట్టి విను, కన్ను తెరిచి చూడు' అని అడిగాడు. దేవుణ్ని నమ్మడమంటే ఏమిటని అడిగారు కదా, నాకు తెలిసినంతలో ఇదే. ఉన్న కాగితాన్ని ఉన్నట్టు ఆయన ముందు పరవడం. అందులోని అంకెలను చిన్నవి చేయక్కర్లేదు, చదవనట్టు నటించనూ అక్కర్లేదు.

ఇక మీవారి సంగతి. మీ ఉత్తరం చదివి నాకు ఆయన మీద కోపం రాలేదంటే అబద్ధమే. రెండోసారి చదివాక కాస్త తగ్గింది. నాలుగు తలుపులు తట్టి నాలుగు చోట్లా కాదనిపించుకున్న మనిషికి ఐదో తలుపు దగ్గర చెయ్యి లేవదు. ఆయనా భయపడుతున్నారు. మీరు ఫోన్ దుప్పటి కింద దాచినట్టే ఆయన భయాన్ని వాక్యం కింద దాచుకున్నారు. మీరు ఖర్చుల మాట ఎత్తినప్పుడల్లా ఆ దాచుకున్నది బయటపడేలా ఉంటుంది, అందుకే మీ మీద విసుక్కుంటున్నారు.

అలాగని ఆయన చెప్పే లెక్క సరైనదని నేను అనను. యిర్మీయా 29:11 నిజంగా గొప్ప వాక్యమే. అది ఎక్కడుందో చూడాలి. బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరంలో ఉంది. దాని పై వచనంలోనే 70 సంవత్సరాలు అని ఉంది. అంతకన్నా ముందు, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి అని ఉంది. రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని గడువు చెప్పినవాడు ఇంకొకడున్నాడు, హనన్యా. ముందటి అధ్యాయంలో కనిపిస్తాడు. వినడానికి అతని మాటే తియ్యగా ఉంది. దేవుడు తనను పంపలేదని యిర్మీయా అతని ముఖం మీదే చెప్పాడు. మనకు మేలు చేయాలన్న ఉద్దేశం దేవుడికి ఉందని నమ్మడం వేరు, ఆయన తరఫున మనమే తేదీ వేయడం వేరు. ఆ తేదీ దాటిపోతే మీవారి విశ్వాసం ఏమవుతుందో అన్నదే నా బెంగ.

నేనూ మీకు తేదీ చెప్పలేను. ఉద్యోగం తప్పకుండా వస్తుందని రాస్తే మీకు ఈ పూట బాగుంటుంది గానీ, రాయను. ఇల్లు మారాల్సి రావచ్చు, పిల్లల బడి మార్చాల్సి రావచ్చు. పౌలు ఖైదీగా రోమాకు వెళ్తున్నప్పుడు తుపానులో దేవుని దూత ఇచ్చిన మాట కూడా అలాంటిదే: ప్రాణాలు దక్కుతాయి, ఓడ దక్కదు. ఆ మాట అందాక కూడా పౌలు ఓ మూల కూర్చోలేదు. నావికులు చిన్న పడవ దించుకుని జారుకోబోతే, వాళ్లు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని శతాధిపతికి చెప్పాడు. 14 రోజులుగా తిండి మానేసినవాళ్లను తినమని బతిమాలాడు. అందరి ముందూ రొట్టె పట్టుకుని దేవునికి స్తుతులు చెల్లించి, విరిచి, ముందు తనే తిన్నాడు. 276 మంది తిన్నారు. తిన్నాక ఓడ తేలికవడానికి మిగిలిన గోధుమలు సముద్రంలో పారబోశారు. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. అంతటి వాగ్దానం పొందినవాళ్లు కూడా బరువు తగ్గించుకున్నారు.

మీరు ఇంట్లో చేయాల్సింది ఆ బరువు లెక్కే. రాత్రి పూట వద్దు, పిల్లల ముందు వద్దు. ఇద్దరూ కాస్త స్థిమితంగా ఉన్న ఒక ఉదయం చూసుకోండి. ఒక్క కాగితం మీద మూడే మూడు రాయండి: చేతిలో ఎంత ఉంది, నెలకు ఎంత పోతోంది, ఇలాగే సాగితే ఎన్ని నెలలు వస్తుంది. 'మీరు ఏం చేస్తున్నారు' అని మొదలుపెట్టకండి, అక్కడే తలుపు పడిపోతుంది. 'నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండీ, ఒంటరిగా భయపడలేకపోతున్నాను' అనండి. ఆ లేవకపోతే బాగుండు అన్న మాట కూడా ఆయనకు చెప్పండి. ఆయనకు తెలియాలి. తర్వాత ఆ కాగితాన్ని మధ్యలో పెట్టి ఇద్దరూ ప్రార్థన చేయండి. హిజ్కియా సంగతి ఆయనకూ తెలిసే ఉంటుంది, కాదనలేరు.

ఆ రోజే అన్నీ తేలాలని పట్టుబట్టకండి. వారానికి రెండు దరఖాస్తులు పెట్టడానికి, కంతు తప్పకముందే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి మాట్లాడటానికి ఒప్పుకుంటే అది చాలు. కంతు తప్పాక వెళ్తే మాట అంత తేలిగ్గా చెల్లదు.

మీ అన్నయ్య విషయంలో మీవారికి చెప్పకుండా వెళ్లొద్దు. అలాగని ఆయన వద్దన్నంత కాలమూ ఊరుకోమనీ అనను. నెల రోజులు ఆగి, 'డబ్బు అడగను, మన పరిస్థితి మాత్రం చెబుతాను, ఫలానా రోజు చెబుతాను' అని ముందే చెప్పి వెళ్లండి. ఏలీయా హోరేబు దగ్గర 'నేనొక్కణ్నే మిగిలాను' అన్నాడు. తన పక్షాన ఇంకా 7000 మంది ఉన్నారని దేవుడు చెప్పాడు. ఏలీయాకు తెలిసినవాళ్లలో ఎంతమంది ఆ లెక్కలో ఉన్నారో మరి, ఏలీయా ఎవర్నీ అడిగినట్టు లేదు.

బైబిల్ లోపలికి వెళ్లడం లేదన్నారు. కొన్నాళ్లు అధ్యాయాలు పక్కన పెట్టండి. 13వ కీర్తన చాలు, ఆరే వచనాలు. 'ఎంతకాలం' అన్న మాట అందులో నాలుగుసార్లు వస్తుంది. అదీ భారమైతే 88వ కీర్తన చూడండి. అది చీకట్లోనే మొదలై చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. చివర్లో ఓదార్పు కూడా అతికించలేదు, అయినా దాన్ని ప్రార్థనల్లోంచి ఎవరూ తీసేయలేదు.

ఈ రాత్రి ఫోన్ వేరే గదిలో చార్జింగ్ పెట్టి పడుకోండి. అలారం కావాలంటే చిన్న గడియారం పెట్టుకోండి. రెండింటికి మెలకువ వస్తే, పక్కన పడుకున్న మనిషిని తట్టి 'నిద్ర రావడం లేదు' అని ఒక్క మాట అనండి. డాక్టర్ని కలిశాక నాకు ఒక ముక్క రాయండి.