పదహారేళ్ల అబ్బాయి ఆన్‌లైన్ సంపాదన: బాండు చెల్లుతుందా? బ్యాంకు ఖాతా ఇతరులకు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నేను రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అబ్బాయికి 16 ఏళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. సొంతంగా వీడియో ఎడిటింగ్ నేర్చుకుని, నల్లగొండలోని ఒక ఫొటో స్టూడియోకు పెళ్లి రీళ్లు, వేరొకరి యూట్యూబ్ చానెల్‌కు థంబ్‌నెయిళ్లు ఇంట్లోనే తయారు చేసి పంపుతున్నాడు. డబ్బు నా ఖాతాకు వస్తోంది. ఇప్పుడు స్టూడియో యజమాని, ఏడాది పాటు తనకే పనిచేయాలనీ, మధ్యలో మానేస్తే రూ.50 వేలు కట్టాలనీ బాండు పేపరు మీద అబ్బాయి సంతకం, హామీగా నా సంతకం అడుగుతున్నాడు. పాత పనికి రావలసిన డబ్బు కూడా ఆపాడు. ఈ సంపాదనకు పన్ను కట్టాలా? ఇది కాక, ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకతను బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ తనకు ఇస్తే, ఖాతాలో పడే ప్రతి లక్షకు రూ.2 వేలు కమీషన్ ఇస్తానంటున్నాడట. మావాడు ఇందులో తప్పేముందంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: మీరు చివర అడిగిన దానికే ముందుగా సమాధానం చెప్పవలసి ఉంది, ఎందుకంటే మిగిలిన వాటికి వారం పది రోజులు ఆలస్యమైనా నష్టం లేదు గానీ దీనికి ఒక్క పూట ఆలస్యమైనా ప్రమాదమే. మీ అబ్బాయి ఖాతా గానీ, మీ ఖాతా గానీ, కార్డు గానీ, సిమ్ గానీ ఆ వ్యక్తికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి.

ఆ కమీషన్ ఎందుకు ఇస్తారో అబ్బాయికి వివరంగా చెప్పండి. ఏ రాష్ట్రంలోనో ఒక పెద్దాయనను వీడియో కాల్‌లో పోలీసులమని బెదిరించో, షేర్లలో లాభాలు చూపించో మోసగాళ్లు డబ్బు లాగుతారు. ఆ డబ్బును తమ పేరున్న ఖాతాలోకి వేసుకుంటే దొరికిపోతారు కాబట్టి, మీ అబ్బాయి వంటి వారి ఖాతాలోకి పంపి, నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు చీల్చి, చివరకు ఏటీఎంలో నగదుగానో క్రిప్టోగానో మార్చేస్తారు. బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే ఆ డబ్బు నడిచిన దారిలోని ఖాతాలను ఒక్కొక్కటిగా నిలిపివేస్తారు. అప్పుడు పోలీసులకు కనిపించే పేరు, ఆధార్, చిరునామా మీ అబ్బాయివి. డబ్బు తీసుకున్న వాడి వివరాలు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండవు.

చట్టం దీన్ని చిన్న విషయంగా చూడదు. భారతీయ న్యాయ సంహిత 2023లోని సెక్షన్ 318(4) కింద మోసానికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. వేరొకరిగా నటించి కంప్యూటరు లేదా ఫోను ద్వారా చేసే మోసానికి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇక్కడ మీరు గమనించవలసినది సెక్షన్ 317. ఇంతకుముందు దొంగసొత్తు అన్న మాటకు ఉన్న అర్థాన్ని కొత్త చట్టం విస్తరించి, మోసం చేసి సంపాదించిన సొత్తును కూడా అందులో చేర్చింది. అది అటువంటి సొత్తు అని తెలిసి తీసుకున్నా, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి తీసుకున్నా నేరమే. ఏ పనీ చేయకుండా, కేవలం ఖాతా ఇచ్చినందుకు లక్షకు రెండు వేలు వస్తున్నాయంటే అనుమానించడానికి అంతకన్నా కారణం ఏం కావాలని దర్యాప్తు అధికారి అడుగుతారు. ‘నాకు తెలియదు’ అన్న మాట అక్కడ బలహీనపడుతుంది.

మైనరు కాబట్టి ఏమీ కాదని ఆ వ్యక్తి మీవాడికి చెప్పి ఉండవచ్చు. అది సగం నిజం మాత్రమే. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం 18 ఏళ్లు నిండని వారిని లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచరాదు. పట్టుకుంటే 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరు పరచాలి. పేరు, ఫొటో బయట పెట్టరాదు. ఇవన్నీ పిల్లవాడికి ఉన్న రక్షణలే. అయినా బోర్డు ముందు విచారణ తప్పదు, చదువుకునే రోజుల్లో వాయిదాలకు తిరగడమూ తప్పదు. పైగా ఆ ఖాతా మీరు సంరక్షకుడిగా సంతకం పెట్టి నడుపుతున్నదైతే, మైనరుకు ఉన్న రక్షణ మీకు ఉండదు. మిమ్మల్నే నిందితుడిగా చేర్చే అవకాశం ఉంటుంది. మీ జీతం పడే ఖాతా కూడా నిలిచిపోతే దాన్ని విడిపించుకోవడానికి కేసు నమోదైన చోటి మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టుకోవలసి రావచ్చు. ఆ చోటు వేరే రాష్ట్రంలో ఉంటే ఆ తిరుగుడు ఎంత భారమో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఒకవేళ ఇప్పటికే వివరాలు ఇచ్చి ఉంటే అబ్బాయిని కొట్టి భయపెట్టకండి. భయపడిన పిల్లవాడు చాట్‌లు తుడిచేస్తాడు, అవే మీకు సాక్ష్యం. ఆ సంభాషణలన్నీ భద్రపరచి, కార్డు, నెట్ బ్యాంకింగ్, సిమ్ వెంటనే బ్లాక్ చేయించి, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి. ఖాతాలో పడిన డబ్బును, కమీషన్‌తో సహా, ముట్టుకోవద్దు. 1930కి ఫోన్ చేసి గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ మీరే ముందుగా ఫిర్యాదు ఇవ్వండి. పోలీసులు వచ్చే లోపు మీరే వెళ్లారన్నది తరువాత మీవాడి ఉద్దేశాన్ని నిర్ణయించేటప్పుడు చాలా ఉపయోగపడుతుంది.

ఇక అబ్బాయి చేస్తున్న అసలు పని విషయానికి వస్తే, అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించిన తరువాత 14 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టుకోవడం, కొన్ని మినహాయింపులు తప్ప, పూర్తిగా నిషేధం. 14 నుంచి 18 మధ్య వారికి గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల వంటి పనులు మాత్రమే నిషేధం. ఎడిటింగ్ వాటిలోకి రాదు. అయితే పెళ్లిళ్ల సీజనులో స్టూడియోకే పిలిపించుకుని రాత్రి పొద్దుపోయే దాకా కూర్చోబెడితే మాత్రం అది వేరే సంగతి. ఈ వయసు వారితో సంస్థలో రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించరాదనీ, మూడు గంటల తరువాత గంట విరామం ఇవ్వాలనీ, విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు మించరాదనీ అదే చట్టంలోని సెక్షన్ 7 చెబుతోంది. ఇంట్లో చేసుకునే పనికి ఈ నిబంధన నేరుగా వర్తించకపోయినా, ఇంటర్ చదివే పిల్లవాడికి మీరు పెట్టే హద్దు దీనికి దగ్గరగా ఉండాలన్నది నా అభిప్రాయం.

బాండు గురించి మీరు దిగులు పడనక్కరలేదు. 18 నిండని వారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదని కాంట్రాక్టు చట్టం 1872లోని సెక్షన్ 11 చెబుతోంది. అటువంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని, బ్రిటిష్ పాలనలో మన దేశపు కేసులకు చివరి అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ 1903లో మొహొరీ బీబీ కేసులో తేల్చింది. మేజరయ్యాక ‘నేను ఒప్పుకుంటున్నాను’ అన్నా ఆ పాత కాగితానికి ప్రాణం రాదు. కాబట్టి మానేస్తే రూ.50 వేలు కట్టాలన్న షరతు మీ అబ్బాయి మీద చెల్లదు. కానీ హామీగా అడుగుతున్న మీ సంతకం సంగతి అలా కాదు. మీరు మేజరు, మీరు వేరుగా ఇచ్చిన మాటగా చూపి మీ మీద దావా వేయడానికి యజమానికి అది ఒక ఆధారమవుతుంది. నా ఉద్దేశంలో ఆయన ఆ బాండులో కోరుకుంటున్నది ముఖ్యంగా మీ సంతకమే. దాన్ని పెట్టకండి.

ఇందులో మరో కోణం కూడా ఉంది. ఒప్పందం పిల్లవాడిని కట్టివేయదంటే, దాన్ని పట్టుకుని పిల్లవాడు ముందు ముందు ఇస్తానన్న పనిని కూడా డిమాండు చేయలేడు. ఒక మైనరు అమ్మాయి తరఫున తండ్రి ఒక సినీ నిర్మాతతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని నిర్మాత రద్దు చేస్తే, నష్టపరిహారం కోరిన ఆ దావా రాజ్‌రాణి కేసులో బొంబాయి హైకోర్టు ముందు నిలవలేదు. అయితే మైనరు తన వంతు పని పూర్తి చేసేశాక, అవతలి వారు దాని ఫలితం అనుభవించి డబ్బు ఎగ్గొడతామంటే న్యాయస్థానాలు ఒప్పుకోవు. తన వంతు సొమ్ము ముందే ఇచ్చేసిన మైనరు, దానికి బదులుగా రాయించుకున్న తనఖాను అమలు చేయించుకోవచ్చని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి 1916లోనే చెప్పింది. దానికి తోడు, ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పనిని అనుభవించిన వారు అందుకు పరిహారం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 చెబుతోంది. అందుకే మీకు నా సలహా ఏమంటే, ఏడాది మాటలు వద్దు. ఒక్కో పెళ్లి పనిని విడిగా ఒప్పుకుని, సగం ముందుగా, మిగిలినది ఫైలు పంపే ముందు తీసుకోవాలి. ఏ పెళ్లి, ఎన్ని రీళ్లు, ఎంత నిడివి, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇవ్వాలి, మొత్తం ఎంత, ఏ తేదీకి అన్నది వాట్సాప్‌లో మీ నంబరు నుంచి మీరే రాసి, అవతలి వారి చేత ‘సరే’ అనిపించుకోండి. గొడవ వచ్చిన రోజున బాండు పేపరు కన్నా ఈ సందేశం మీకు ఎక్కువ పనికి వస్తుంది.

డబ్బు మీ ఖాతాలో కలిసిపోవడం నేరం కాదు గానీ, లెక్క చెప్పడం కష్టమవుతుంది. పదేళ్లు నిండిన మైనర్లు కోరుకుంటే తామే పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చనీ, ఎంత పరిమితి వరకన్నది బ్యాంకులు నిర్ణయించుకోవచ్చనీ రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 21న స్పష్టం చేసింది. అబ్బాయి పేరున ఒక ఖాతా తెరిపించి, పని డబ్బు మాత్రమే అందులో పడేలా చూడండి. పాస్‌బుక్ మీ దగ్గర ఉండనివ్వండి. రేపు సొంత యూట్యూబ్ చానెల్ పెట్టుకుంటే మాత్రం ప్రకటనల ఆదాయం తీసుకునే యాడ్‌సెన్స్ ఖాతాకు 18 ఏళ్లు ఉండాలి కాబట్టి, మీ పేరున ఉన్న దాన్నే జత చేయవలసి ఉంటుంది. వయసు తప్పుగా రాసి ఖాతా తెరిస్తే, తరువాత సంస్థ డబ్బు ఆపేసినప్పుడు మీ వైపు వాదించడానికి ఏమీ మిగలదు.

పన్ను విషయంలో చాలామంది పొరబడుతుంటారు. మైనరు ఆదాయాన్ని సాధారణంగా తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలో కలుపుతారు. కానీ శారీరక శ్రమతో గానీ, తన నైపుణ్యం, ప్రతిభతో గానీ సంపాదించినదాన్ని అలా కలపరాదని ఆదాయపు పన్ను చట్టం మినహాయించింది. కాబట్టి ఎడిటింగ్ డబ్బు మీ అబ్బాయి సొంత ఆదాయమే. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల వరకు పన్ను లేదు. అదే డబ్బును డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం నైపుణ్యంతో వచ్చింది కాదు కనుక మీ ఆదాయంలో కలుస్తుంది. మైనరుకు కూడా పాన్ కార్డు తీసుకోవచ్చు, దరఖాస్తు మీరు పెట్టాలి. డబ్బిచ్చే సంస్థ పన్నును ముందే కోసుకుంటే (టీడీఎస్), పాన్ లేకపోతే ఆ కోత 20 శాతం దాకా పోవచ్చు. పాన్ ఉంటే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకునే వీలుంటుంది.

మరొక హెచ్చరిక మీరు అడగకపోయినా చెప్పాలి. ఎడిటింగ్ తెలిసిన పిల్లల దగ్గరికి బెట్టింగ్ యాప్‌ల రీళ్లు చేసిపెట్టమని వచ్చే వారుంటారు, మామూలు రేటుకన్నా ఎక్కువే ఇస్తామంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం అటువంటి ఆటల ప్రచారానికి రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా పెట్టింది. అలాగే రేటింగులు ఇస్తే డబ్బు ఇస్తామని చెప్పి, మొదట వందో రెండు వందలో వేసి, తరువాత ‘టాస్క్’ తెరవడానికి మీరే కట్టాలనే వాటి జోలికి పోనివ్వకండి.

స్టూడియో ఆపిన పాత డబ్బు కోసం ముందు చేసిన పనుల జాబితా, పంపిన తేదీలు, వాట్సాప్ సందేశాలు, ఇంతకుముందు వచ్చిన చెల్లింపుల వివరాలు జత చేసి యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 15 రోజుల గడువు ఇస్తే చాలు. స్పందించకపోతే మిర్యాలగూడ కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీలో దరఖాస్తు ఇచ్చి, దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పరిష్కారం కోరవచ్చు. న్యాయ సేవల చట్టం 1987లోని సెక్షన్ 12 ప్రకారం పిల్లలకు, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం దక్కుతుంది కాబట్టి దరఖాస్తు అబ్బాయి పేరున, సంరక్షకుడిగా మీ సంతకంతో పెట్టండి. వివరాలకు 15100 నంబరు ఉంది. అక్కడా కుదరకపోతే అబ్బాయి తరఫున మీరు ‘నెక్స్ట్ ఫ్రెండ్’గా దావా వేయవచ్చు. ఇటువంటి బాకీకి గడువు మామూలుగా మూడేళ్లు. మైనరు విషయంలో ఆ మూడేళ్లను 18 నిండిన నాటి నుంచి లెక్కించమని లిమిటేషన్ చట్టం చెబుతోంది గనుక, డబ్బు రాదేమోనన్న కంగారుతో ఆ బాండు మీద సంతకం పెట్టవలసిన అవసరం మీకు లేదు.