కలరా ఉండల సంగతి తర్వాత, ముందు బాబుకు రక్తపరీక్ష చేయించండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. ఇళ్లలో వాడే విష రసాయనాలను నిషేధించాలని వార్తల్లో చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఫినాయిల్, బాత్రూమ్ యాసిడ్, కలరా ఉండలు, దోమల కాయిల్స్ అన్నీ వాడతాం. ఏవి పారేయాలి? మా అమ్మాయి పురిటికి వచ్చింది. మనవడికి 9 రోజులు. కలరా ఉండలు వేసి ట్రంకుపెట్టెలో దాచిన పాత నూలు చీరలు చింపి వాడికి చుడుతున్నాం. ఆ వాసన పడదా? ఒళ్లు కాస్త పచ్చబడింది. పొద్దుటి ఎండలో పెడుతున్నాం, తగ్గకపోతే పసరు పోయిద్దామనుకుంటున్నాం.

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటే నాకు ముందు కనిపించింది. బాబును ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లి బిలిరుబిన్ (రక్తంలో పెరిగి ఒంటిని పచ్చబరిచే పదార్థం) పరీక్ష చేయించండి. బిడ్డను చూడకుండా కారణం ఇదేనని నేను చెప్పలేను. పుట్టిన పిల్లల్లో చాలామందికి రెండో మూడో రోజున కామెర్లు కనిపించి వాటంతట అవే తగ్గుతాయి. కానీ తొమ్మిదో రోజుకీ పచ్చగా ఉండి, పైగా కలరా ఉండల బట్టల్లో ఉన్న మగబిడ్డ అంటే నేను ఆగమని చెప్పను.

ఆ ఉండల్లో సాధారణంగా ఉండేది నాఫ్తలీన్. కొందరికి పుట్టుకతోనే ఎర్రరక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. మగపిల్లలకు ఈ లోపం తల్లి వైపు నుంచి వస్తుంది, ఎక్కువగా బయటపడేది వాళ్లలోనే. మీ ప్రాంతంలాగా తరతరాలుగా మలేరియా ఉన్నచోట ఈ లోపం ఎక్కువ. అలాంటి బిడ్డ నాఫ్తలీన్‌ను పీల్చినా, చర్మం ద్వారా లోపలికి వెళ్లినా ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. దాంతో బిలిరుబిన్ ఒక్కసారిగా పెరుగుతుంది, దాన్ని బయటికి పంపే శక్తి పసివాడి కాలేయానికి ఇంకా ఉండదు. మరీ పెరిగితే మెదడుకు ఎక్కుతుంది. ఆ నష్టం మళ్లీ పూడదు. నూనె రాసి నలుగు పెట్టాక ఆ బట్ట చుడితే నాఫ్తలీన్ ఇంకా సులువుగా ఒంట్లోకి ఇంకుతుంది.

అరికాళ్లు, అరచేతులు పచ్చబడినా, పాలు సరిగా తాగకపోయినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, సన్నగా కీచుగా ఏడ్చినా, మూత్రం టీ డికాషన్ రంగులో ఉన్నా, ఒళ్లు పాలిపోయినా సాయంత్రం వరకూ కూడా ఆగకండి. పసిబిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, రాకపోకలు ఉచితం. ఆశా కార్యకర్తకు చెబితే వాహనం మాట్లాడుతుంది.

పసరు మాత్రం వద్దు. కోపం తెచ్చుకోకండి, ఈ మాట గట్టిగానే చెప్పాలి. పసరు పోయించి, మూడు రోజులు ఎదురుచూసి, అప్పుడు తెచ్చిన బిడ్డలను నేను చూశాను. నీలికాంతి దీపం కింద పెడితే తగ్గే కామెర్లు అప్పటికి రక్తం మార్చాల్సినంత ముదిరి ఉండేవి. పొద్దుటి ఎండ కూడా వైద్యం కాదు. తల్లి పాలు మాత్రం ఆపకండి.

ఆ చీర గుడ్డలన్నీ బాబు దగ్గర నుంచి తీసేయండి. కొత్తబట్ట వేయకూడదన్న పట్టింపు ఉంటే, మీరు రోజూ కట్టుకునే నూలు చీర ఒకటి ఉతికి ఆరబెట్టి వాడండి. ట్రంకుపెట్టెను బాబు పడుకునే గదిలో ఉంచకండి.

ఇక మీరు అడిగిన నిషేధం. చేయాలి. నాఫ్తలీన్ ఉండలను యూరోపియన్ యూనియన్ 2008లోనే నిషేధించింది. మన కిరాణా కొట్లలో అవి ఇంకా పిప్పరమెంటు బిళ్లల్లా దొరుకుతున్నాయి. మనవాళ్ల వల్ల కాదని నేను అనుకోను. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని కేంద్రం 2016లో నిబంధన తెచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలు చేసింది. కలరా ఉండల విషయంలోనూ అలాంటి గట్టి నిబంధన రావాలని నా కోరిక. ఫినాయిల్, యాసిడ్ సీసాలు బిడ్డకు అందనంత ఎత్తులో పెట్టండి. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. బాబు ఉన్న గదిలో కాయిల్ వద్దు, దోమతెర కట్టండి.

డాక్టర్‌కు కలరా ఉండల సంగతి మీరే చెప్పండి, వారు అడిగే దాకా ఉండొద్దు. జీ6పీడీ పరీక్ష గురించి కూడా అడగండి. కణాలు పగిలిన వెంటనే చేస్తే లోపం ఉన్నా నార్మల్ అని రావచ్చు, మూడు నెలలకు మళ్లీ చేయమంటే చేయించండి. లోపం తేలితే ఆ కాగితం దాచి, ఎప్పుడు జ్వరమొచ్చి మలేరియా మందు రాస్తున్నా ముందు దాన్ని చూపించండి. ప్రిమాక్విన్ అనే మలేరియా మందు కూడా ఇలాంటి పిల్లల రక్తకణాలను పగలగొడుతుంది. పాలిస్తున్న మీ అమ్మాయి సైతం ఇంట్లో మిగిలిన మలేరియా మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.