తమ్ముడి కోపానికి నాన్న నిద్రమాత్ర ఇవ్వకండి

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. కాలేజీ రోజుల నుంచే కోపం ఎక్కువ. ఎవరైనా దగ్గరైతే వాళ్లే లోకం అంటాడు, మెసేజ్‌కి జవాబు ఆలస్యమైతే చాలు, వాళ్లంత మోసగాళ్లు లేరంటాడు. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండడు. ముంజేతి మీద బ్లేడుతో గీసుకున్న గాట్లు చూశాను. బాగా గొడవ చేసిన రోజున నాన్న వేసుకునే ఆల్ప్రజోలామ్ మాత్రలో సగం అమ్మ ఇస్తుంది, పడుకుంటాడు. ఈమధ్య తనే అడిగి పూర్తి మాత్ర వేసుకుంటున్నాడు. ఆన్‌లైన్‌లో టెస్టు చేస్తే ‘బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్’ అని వచ్చింది. చిన్నప్పుడు నాన్న బాగా కొట్టేవారు, దానివల్లే వచ్చిందా? పూర్తిగా తగ్గుతుందా? మంచి మందు ఏదైనా చెప్పండి. డాక్టర్ దగ్గరికి రమ్మంటే రానంటున్నాడు. – ఒక అక్క

డాక్టర్ సలహా: మీరు మందు అడిగారు. నేను ముందు మీ ఇంట్లో ఇప్పటికే నడుస్తున్న మందు గురించి చెప్పాలి. సగం మాత్ర పూర్తి మాత్ర అయింది, అమ్మ ఇచ్చేది పోయి అతనే అడిగి తీసుకునే దాకా వచ్చింది. ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టిన మాట ఇదే. ఆందోళన తగ్గించి మగత కలిగించే ఆల్ప్రజోలామ్ లాంటి మాత్రలకు అలవాటు పడటానికి ఎక్కువ కాలం పట్టదు. మొదట్లో పనిచేసిన మోతాదు కొన్నాళ్లకు సరిపోదు. మాత్ర ప్రభావం దిగిపోయాక ఆందోళన, చిరాకు ముందుకంటే పెరుగుతాయి. అది జబ్బు ముదరడం అనుకుని ఇంట్లోవాళ్లు మరో మాత్ర ఇస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ మాత్ర కొందరిలో మనసును శాంతపరచకపోగా ఉన్న అదుపును కూడా తీసేస్తుంది. బార్డర్‌లైన్ సమస్య ఉన్నవాళ్లకు ఆల్ప్రజోలామ్ ఇచ్చినప్పుడు గొడవలు, తమను తాము గాయపరుచుకోవడం పెరిగాయని 1980ల్లోనే పరిశోధకులు గమనించారు. మీ తమ్ముడికి ఆ సమస్య ఉందో లేదో నాకు తెలియదు. ఉందని మీరు అనుమానిస్తున్నారు కదా, అలాంటప్పుడు సరిగ్గా ఈ మాత్రే ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మద్యం తాగే అలవాటు ఉందేమో మీరు రాయలేదు. రెండూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మాత్ర లాగేసుకోకండి. రోజూ, లేదా దాదాపు రోజూ వేసుకుంటూ ఉంటే ఒక్కసారిగా ఆపకూడదు. వణుకు, నిద్రలేమి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి, అందుకు ఈ వారంలోనే సైకియాట్రిస్ట్‌ను కలవండి. ఎప్పుడో ఒకసారి మాత్రమే వేసుకున్నట్టయితే ఇక ఇవ్వకండి. ఎలాగైనా సరే, నాన్నగారి మందులన్నీ తాళం వేసి ఒక్కరి చేతిలో ఉంచండి. ఒకరికి రాసిన నిద్రమాత్ర ఇంకొకరికి ఇవ్వడం ప్రేమతో చేసినా తప్పే. అమ్మగారిని నొప్పించాలని కాదు, రేపు మళ్లీ గొడవైతే ఆమె చెయ్యి అటే వెళ్తుందని చెప్తున్నాను.

రెండోది, చేతి మీద గాట్లు. వాటి గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. చాలామంది చావాలని కాకుండా, లోపలి బాధను ఆ క్షణానికి దించుకోవడానికి గీసుకుంటారు. కానీ ఇలా గాయపరుచుకునేవాళ్లలో ఆత్మహత్య ముప్పు మామూలుకంటే ఎక్కువ. అందుకని ‘నాటకాలు’ అని తీసిపారేయకండి. అతను ప్రశాంతంగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగినందుకు బరువు దిగినట్టు ఏడ్చేస్తారు చాలామంది. అవునన్నా, ఎలా చేసుకోవాలో ఆలోచించి పెట్టుకున్నా, మాత్రలు ఎక్కువ మింగినట్టు అనుమానం వచ్చినా ఒంటరిగా వదలకండి. అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక టెస్టు సంగతి. తమ్ముడి తరఫున ప్రశ్నలకు జవాబులు మీరే నొక్కారనుకుంటాను. అది రోగనిర్ధారణ కాదు. పర్సనాలిటీ డిజార్డర్ అనాలంటే మనిషి ఆలోచించే తీరు, భావాలను తట్టుకునే తీరు, ఇతరులతో మెలిగే తీరు టీనేజ్ నుంచో యవ్వనం మొదట్లోనో ఒక దారిలో పడి, ఇల్లు, ఉద్యోగం, స్నేహాలు అన్నిచోట్లా ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతూ ఉండాలి. అమెరికా సైకియాట్రీ వర్గీకరణలో ఇలాంటివి 10 రకాలున్నాయి: అందరినీ అనుమానించేవి, ఎవరితోనూ కలవనివి, వింతగా ఆలోచింపజేసేవి కొన్ని, భావోద్వేగాలు ఎగసిపడేవి కొన్ని, భయంతో ముడుచుకుపోయేవి కొన్ని. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో రకం పేరుకంటే తీవ్రత ఎంత అన్నదే ముందు చూస్తారు. బార్డర్‌లైన్ అనడానికి తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి. వదిలేసి పోతారన్న భయం, ఆకాశానికెత్తి అంతలోనే కిందపడేసే సంబంధాలు, గాయపరుచుకోవడం, పట్టలేని కోపం, ఎప్పుడూ లోపల ఏదో ఖాళీ అనిపించడం అందులోవే. మీరు రాసినవాటిలో కొన్ని దీనికి దగ్గరగానే ఉన్నాయి. కానీ చూడకుండా పేరు పెట్టను, మీరూ పెట్టకండి.

ఎందుకంటే ఇలాగే కనిపించేవి వేరే ఉన్నాయి. బైపోలార్ అనే మూడ్ జబ్బులో అతి ఉత్సాహమైనా దిగులైనా రోజులు, వారాల తరబడి ఉంటుంది. బార్డర్‌లైన్‌లో మూడ్ గంటల్లో మారిపోతుంది, చాలావరకు ఎవరో ఏదో అన్న తర్వాతే మారుతుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని, నిలకడ లేని సమస్య), మత్తు పదార్థాలు, థైరాయిడ్, తలకు దెబ్బ, కొన్ని రకాల మూర్ఛ కూడా మనిషిని చిరాకుగా, దుడుకుగా మార్చగలవు. ఈ ఆరు నెలల్లోనే కొత్తగా మారిపోయి ఉంటే శరీర పరీక్షలు తప్పనిసరి. నిద్రమాత్ర ప్రభావాన్ని కూడా విడదీసి చూడాలి.

నాన్న కొట్టడం వల్లేనా అన్నారు. చిన్నతనంలో దెబ్బలు, వేధింపులు, నిర్లక్ష్యం ఈ సమస్యకు ముప్పు పెంచుతాయన్నది నిజమే, దాన్ని మెత్తగా చెప్పి దాటేయను. కానీ అదొక్కటే కారణం కాదు. కవలల మీద జరిగిన పరిశోధనలను బట్టి చూస్తే దాదాపు సగం పాత్ర వంశపారంపర్యానిది. పుట్టుకతోనే చిన్న మాటకు కూడా గట్టిగా కదిలిపోయే స్వభావం, దానికితోడు ‘ఇంతదానికే ఏడుస్తావా’ అని ఆ బాధను కొట్టిపారేసే వాతావరణం, రెండూ కలిసినప్పుడు సమస్య ముదురుతుంది. అసలు దెబ్బలే తినని పిల్లల్లోనూ ఇది వస్తుంది. ఇప్పుడు ఇంట్లో నాన్నగారిని దోషిగా నిలబెడితే తమ్ముడికి ఒరిగేదేమీ లేదు. ఆయన కూడా డాక్టర్ దగ్గరికి వచ్చి జరిగింది దాచకుండా చెప్పడం మాత్రం చాలా సాయం చేస్తుంది.

తగ్గుతుందా? చాలామందికి తగ్గుతుంది. పదేళ్లు, అంతకుమించి గమనించిన పరిశోధనల్లో ఎక్కువమంది ఆ తొమ్మిదింటిలో ఐదు లక్షణాలున్న స్థితి నుంచి బయటపడ్డారు. ఉద్యోగంలో, బంధాల్లో నిలదొక్కుకోవడానికి మాత్రం ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది.

బార్డర్‌లైన్‌కు అసలు చికిత్స థెరపీ, అంటే నిపుణులతో మాట్లాడుతూ సాగే చికిత్స. ఆ సమస్యను నయం చేస్తుందని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర లేదు. డిప్రెషన్ లాంటిది తోడుగా ఉంటే దానికి మందు రాస్తాం, అంతే. థెరపీల్లో ఎక్కువగా పరీక్షకు నిలిచింది అమెరికా సైకాలజిస్ట్ మార్షా లైనెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీ. వారానికోసారి విడిగా, ఇంకోసారి గ్రూపులో, సాధారణంగా ఏడాది పాటు సాగుతుంది. అక్కడ ఊరికే ఓదార్చరు. గీసుకున్న రోజును గంట గంటగా విడదీసి చూస్తారు: తొమ్మిదికి మెసేజ్ పెట్టాడు, తొమ్మిదిన్నరకు అవతలివాళ్లు చూసినట్టు కనిపించింది, జవాబు లేదు. ‘నన్ను వదిలేశారు’ అన్న ఆలోచన ఎప్పుడు వచ్చింది, గుండె దడ ఎప్పుడు మొదలైంది, బ్లేడు తీసే ముందు ఏం చేసి ఉండొచ్చు? ఆ చివరి ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగుతారు. చల్లటి నీళ్లలో ముఖం ముంచడం, వేగంగా నడవడం లాంటివి ఆ పది నిమిషాలను దాటించడానికే నేర్పిస్తారు. గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా చల్లటి నీళ్ల పద్ధతి చేయకూడదు.

రానంటున్నాడు అన్నారు. ‘నీకు పర్సనాలిటీ డిజార్డర్ ఉంది, పద’ అంటే ఎవరు వస్తారమ్మా? అతనికే ఇబ్బందిగా ఉన్నదాన్ని పట్టుకోండి. నిద్ర పట్టడం లేదనో, ఉద్యోగం నిలవడం లేదనో, మాత్ర లేకపోతే తోచడం లేదనో అతనే అంటూ ఉంటాడు. ‘దానికోసం ఒకసారి చూపించుకుందాం, నేను వస్తాను’ అనండి. కోపంలో ఉన్నప్పుడు వాదన పెట్టుకోవద్దు. ‘నీకు చాలా బాధగా ఉందని అర్థమవుతోంది. వస్తువులు విసిరితే మాత్రం నేను పక్క గదిలోకి వెళ్లిపోతాను, అరగంటలో మళ్లీ వస్తాను’ అని చెప్పి, చెప్పినట్టే రండి. ఎంత చెప్పినా రాకపోతే ముందు మీరొక్కరే వెళ్లి సైకియాట్రిస్ట్‌తో మాట్లాడండి. అతన్ని చూడకుండా మందు రాయరు, కానీ మీరు ఎలా మెలగాలో చెప్తారు.

వెళ్లేటప్పుడు నాన్నగారి మాత్రల స్ట్రిప్, తమ్ముడు ఎప్పటినుంచి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నాడో రాసిన కాగితం, మద్యం వివరం, ఇంట్లో ఇంకెవరికైనా మానసిక సమస్య, ఆత్మహత్యాయత్నం ఉంటే ఆ సంగతి తీసుకెళ్లండి. ఆన్‌లైన్ టెస్టు కాగితం అవసరం లేదు. అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత ఇస్తామంటే చేతి గాట్ల గురించి, ఆల్ప్రజోలామ్ గురించి ఫోన్‌లోనే చెప్పండి, ముందుకు జరుపుతారు.