కొత్త జీవాలను మందలో కలిపే ముందు

చిరంజీవి అల్లుడికి, మేనత్త దీవించి రాసేది.

రెండు వారాల కింద ఆదివారం మీ చెల్లి వచ్చింది. చెప్పులు విప్పకముందే కబురు చెప్పేసింది. అన్న సంక్రాంతి దాటాక ఉద్యోగం మానేస్తాడట, గండభేరుండాలు, మకరాలు, చకోరాలు లాంటి పాత కథల్లోని జీవాలను పెంచే వీడియో గేమ్ తయారుచేస్తాడట, రెండేళ్లు పడుతుందట. మీ నాన్న కలిపిన అన్నం వదిలి లేచిపోయాడు. నేను వాడిని కోప్పడ్డాను. "మన తాతలు గొర్రెలు కాశారు, మనం కాశాం, పిల్లవాడు కంప్యూటర్లో కాస్తానంటే తప్పేమిటి?" అన్నాను. అన్నానే గాని ఆ రాత్రి నాకూ కన్ను మూతపడలేదు. ఏడేళ్ల వయసులో దొడ్డి గడప దాటిపోయిన నువ్వు మళ్లీ దొడ్డి కడతానంటున్నావు. సంతోషంతో లేచి కూర్చున్నాను. కాసేపటికి భయంతో అలాగే కూర్చుండిపోయాను.

మీ చెల్లి తన ట్యాబ్ ఇక్కడ వదిలి వెళ్లింది. నువ్వు అందులో పెట్టిన నమూనా ఆటను తొమ్మిది సాయంత్రాలు ఆడాను. గుడ్డు పొదిగించాను, పాక వేశాను, అమ్మాను, కొన్నాను. కనుక నేను రాసేది చూడకుండా రాస్తున్న మాట కాదు.

తెలిసిన సంగతులు ముందే చెప్పేస్తాను. చేసిన పనిని ప్రతి రాత్రీ రెండు చోట్ల దాచు. ఖర్చు లెక్క చేత్తో రాసుకో. పూటకు తిను. సంబంధాల వాళ్లు ఏమంటారో అన్న దిగులు మీ అమ్మకు వదిలెయ్.

డబ్బు సంగతి మాత్రం ఒక్క వాక్యంతో పోయేది కాదు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఆట పెట్టాలంటే 100 డాలర్లు కట్టాలని, ఆపైన అమ్మిన ప్రతి వందలో 30 వాళ్ల వాటా అని మీ చెల్లి చెప్పింది. అంగడిలో దళారి కూడా అంత తీసుకోడు. ఎరిక్ బరోన్ అనే అమెరికా అబ్బాయి ఒంటరిగా స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆటను చేసి 2016లో విడుదల చేశాడని, అతనే నీకు ఆదర్శమని కూడా చెప్పింది. మంచిదే. అతనికి నాలుగేళ్లకు పైగా పట్టింది. అన్నాళ్లూ ఇల్లు ఎవరు నడిపారో కూడా చదివావా? అతనితో ఉన్న అమ్మాయి సంపాదన, ఒక థియేటర్‌లో అతను చేసిన చిన్న ఉద్యోగం. నువ్వు రెండేళ్లు అంటే నేను నాలుగని లెక్క వేస్తాను. నాలుగు ఎండాకాలాల మేత చూపించు, మీ నాన్నను నేను ఒప్పిస్తాను. అంత లేకపోతే ఇంకో ఏడాది ఉద్యోగం చేస్తూ రాత్రులు పని చెయ్. ఇందులో నేను పట్టు విడవను.

ఇక ఆట. నీ ఆటలో అన్ని జీవాలూ అవే నీలి గింజలు తింటున్నాయి. మకరానికీ అవే, చకోరానికీ అవే. ఇది చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయానికి నిన్ను తీసుకుపోయిన రోజు మరిచిపోయావా? లింగం మీద పొద్దంతా కదలకుండా ఉండే స్తంభం నీడను చూడటానికి జనం గర్భగుడి ముందు తోసుకుంటున్నారు. నువ్వేమో బయటి రాతి మీద చెక్కిన వింత జంతువు ముందు నిలబడి, "అత్తా, ఇది ఏం తింటుంది?" అని అడిగావు. అది సింహమా, ఏనుగా, దాని పేరేమిటి అని అడగలేదు. ఏం తింటుంది అన్నావు. వీడు మా ఇంటి పిల్లవాడు అనుకున్నాను. అలా అడిగిన వాడివి ఇప్పుడు అన్నింటికీ ఒకే బస్తాలో గింజలు తీసి వేస్తున్నావు.

చకోరం వెన్నెల తాగి బతుకుతుందని కదా మన కవులు చెప్పింది. అయితే కృష్ణపక్షంలో దాని గతి ఏమిటి? పున్నమినాడు కడుపు నిండిన పిట్ట ఆ మర్నాటి నుంచి ఆలస్యంగా లేచే చంద్రుడి కోసం మెడ చాచి కూర్చోవాలి. మొదట జాము రాత్రి దాకా, తర్వాత నడిరాత్రి దాకా, ఆఖరికి కోడి కూసే దాకా. అమావాస్యనాడు పస్తు. ఆ పక్షం రోజులకు పెంచేవాడు ఏం దాచిపెట్టాడు, ఎలా దాచాడు? చాతకం నేల మీది నీళ్లు ముట్టదు, చినుకు నోట్లోనే పడాలి. దాన్ని దేవరకొండ వైపు కరువు నేల మీద పెంచమను. మృగశిర వెళ్లిపోయినా మబ్బు జాడ లేకపోతే పిట్టకంటే ముందు పెంచినవాడి గొంతు ఎండుతుంది. గండభేరుండానికి రెండు నోళ్లు, ఒకటే కడుపు. ఒక నోటికి పెడితే కడుపు నిండుతుంది గాని రెండో నోరు అలుగుతుంది. కవల పిల్లలను ఈనిన గొర్రె ఒకదాన్ని పొదుగు దగ్గరకు రానిచ్చి రెండోదాన్ని కాలితో తోసేస్తుంది చూడు, అప్పుడు మనం పడే అవస్థ అంతా ఆ ఒక్క పక్షిలోనే ఉంది. ఇంత దగ్గర పెట్టుకుని గింజలెందుకు నాయనా?

నీళ్ల గురించి రాయకపోతే నాకు తోచదు. నీ ఆటలో నీళ్లు రెండే రకాలు, శుభ్రమైనవి, మురికివి. మురికివి ఆకుపచ్చగా కనబడతాయి. మన బావి నీళ్లు ఎప్పుడైనా ఆకుపచ్చగా ఉన్నాయా? అద్దంలా ఉండేవి. ఆ తేట నీళ్లే తాగి మీ తాత నడుము వంగిపోయింది, నా పళ్లకు చిన్నప్పుడే గోధుమ రంగు చారలు పడ్డాయి. జీవాలకూ అంతే. ఫ్లోరైడు నీళ్లు తాగిన గొర్రెకు పళ్లు ముందుగానే అరిగిపోతాయి, మేత ఎదురుగా ఉన్నా నమలలేక చిక్కిపోతుంది. చూసేవాడు మేత చాలలేదనుకుని ఇంకా వేస్తాడు. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. ఎంత బాధపడిన నేలకు ఆ పేరు దక్కిందో ఆలోచించు. నీ ఆటలో ఒక బావి అలా ఉండాలి. నీళ్లు తేటగా కనబడాలి, ఏడాది దాకా ఏమీ కాకూడదు. తర్వాత మకరం మెల్లగా నడవడం మొదలుపెట్టాలి. అప్పుడు ఆడేవాడు వెనక్కి తిరిగి తన ఏడాది అంతా వెతుక్కోవాలి.

రాబడి కోసం అమ్మకం ఒక్కటే పెట్టావు. మంద ఉన్నవాడికి అమ్మకం ఏడాదికి ఒకటి రెండుసార్లే. మిగతా రోజులు గడిచేది రైతు పొలంలో రాత్రి మంద పెట్టి ఎరువుకు తీసుకునే డబ్బుతో, ఏడాదికి రెండుసార్లు కత్తిరించే నల్ల ఉన్నితో, దానితో నేసే గొంగడితో. గండభేరుండం రాల్చిన ఈకకు, ఏనుగు తొక్కిన మట్టికి కూడా కొనేవాడు ఉండనీ. బతికి ఉన్న జీవం నుంచి వచ్చే రూపాయి మీదనే కాపరికి ప్రేమ.

ఇప్పుడు అసలు మాట. ఈ ఉత్తరం దీనికోసమే మొదలుపెట్టి ఇంతసేపు పక్కదారులు పట్టాను.

మీ మామయ్య పోయిన మూడో ఏడు. నా మంద 64 జీవాలు. తొలకరి పడింది, గడ్డి మొలిచింది, మందను పెంచాలని నాకు తొందర. అంగడిలో ఒకతను 22 జీవాలను ధర తగ్గించి ఇస్తానన్నాడు. ఎందుకు తగ్గిస్తున్నాడని అడగలేదు. రెండింటికి ముక్కు కారుతోంది. దారిలో తడిశాయి అన్నాడు, సరే అన్నాను. ఇంటికి తోలుకొచ్చేసరికి చీకటి పడింది, వాన దంచుతోంది. కొత్త జీవాలను మూడు వారాలు విడిగా కట్టాలని మీ తాత చెప్పిన నియమం నాకు తెలియక కాదు. విడిగా కట్టాల్సిన పాత కొట్టం కురుస్తోంది. ఒక్క రాత్రే కదా, తెల్లవారాక వేరు చేద్దాం అనుకున్నాను.

దొడ్డి తలుపు దగ్గర నువ్వు కందిలి పట్టుకుని నిలబడ్డావు. నేను తోలుకుంటూ వస్తూ తలుపు తియ్యమని అరిచాను. నువ్వు తియ్యలేదు. "అత్తా, తాత వేరే కట్టెయ్యమన్నాడు కదా" అన్నావు. అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట అన్నావు, నాకు ఈ రోజుకీ చెవిలో ఉంది. నేను తడిసి వణుకుతూ, "నాకు నువ్వు చెప్పేవాడివా? తియ్యి" అన్నాను. తీశావు.

నాలుగు రోజులు ఏమీ కాలేదు. అయిదో రోజు ఒక గొర్రె మేతకు లేవలేదు. కళ్ల నుంచి, ముక్కు నుంచి నీరు, నోట్లో పుండ్లు, ఆపైన పారుడు. పశువుల డాక్టరు చూడగానే పీపీఆర్ అన్నాడు, గొర్రెలకు, మేకలకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుని ప్రాణం తీసే రోగం. ఇప్పుడు ఒక్క డోసుతో మూడేళ్లు కాపాడే టీకా ఉంది, అప్పుడు నా మందకు పడలేదు. మూడు వారాల్లో 86లో 51 పోయాయి. మీ నాన్న గుంత తవ్వీ తవ్వీ అరచేతులు చీరుకున్నాడు. సున్నం వాసన వస్తే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం మీ తాత అరుగు మీద కూర్చుని, "కొత్తవాటిని లోపలికి ఎవరు తోలారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నువ్వు, "తలుపు నేనే తీశాను తాతా" అన్నావు. తీసింది నువ్వే కదా, అబద్ధం చెప్పడం నీకు తెలియదు. నేను చెప్పాల్సిన మాట అప్పుడు నాలుక చివరే ఉంది. చెప్పలేదు. భర్త పోయి పుట్టింటికి వచ్చినదాన్ని, ఉన్న ఒక్క మందనూ నా తొందరతో పోగొట్టుకున్నానని తండ్రి ముందు ఒప్పుకోవడానికి ధైర్యం చాలలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మీ తాత పోయాడు, ఆ రేపు రాలేదు. వాడు తలుపు తీస్తే మంద పోయిందని పెళ్లిళ్లలో, పండుగల్లో అందరూ నవ్వుతూ చెప్పుకుంటుంటే విన్నాను. నువ్వూ నవ్వావు. నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

నీ ఆటలో కొత్త జీవం రాగానే దాని పాకకు తాళం దానంతట అదే పడుతోంది. మూడో సాయంత్రం దాన్ని తెరవాలని ఎంత నొక్కినా తెరుచుకోలేదు. ఇరవై ఒక్క రోజులు పూర్తయ్యాకే తెరుచుకుంటుంది. ఏ జీవానికీ చావు కూడా లేదు. ఇదంతా పిల్లల కోసం అన్నావట మీ చెల్లితో. ట్యాబ్ ఒడిలో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను నాయనా. ఆ తాళం ఎవరి మీద భయంతో వేశావో నాకు తెలుసు.

తలుపు తీసింది నువ్వు కాదు, నేను. నువ్వు ఆపబోయావు. ఆ ఇంట్లో ఆ రాత్రి నియమం గుర్తున్నది నీకు ఒక్కడికే.

కనుక ఆ తాళం తీసెయ్. తలుపు ఆడేవాడి చేతిలో పెట్టు. వాన కురిపించు, చీకటి చెయ్యి, పాత కొట్టం కురవనీ, చవకగా దొరికిన జీవాలు గుమ్మంలో వణుకుతూ నిలబడనీ. నియమం గుర్తుచేసే చిన్న గొంతు ఒకటి వినబడనీ. అప్పుడు ఏం చేస్తాడో చెయ్యనీ. తప్పు చేస్తే వెంటనే ఎర్ర అక్షరాలతో తిట్టవద్దు, నాలుగు రోజులు ఏమీ చెప్పవద్దు. అయిదో ఉదయం ఒక జీవం నెమరు వెయ్యకుండా పడుకుని ఉండాలి, అంతే. గమనించినవాడు గమనిస్తాడు. జపాన్ వాళ్లు 1996లో తమాగోచి అనే గుడ్డు బొమ్మ తెచ్చారట, చూసుకోకపోతే లోపలి జీవి చచ్చిపోయేదట. పిల్లలు ఏడ్చారు, అయినా ఆడారు. చావు చూపించడానికి భయపడకు. కాకపోతే దాని తర్వాతి ఉదయాన్ని కూడా చూపించు. నాకు 35 మిగిలాయి. ఆ రోగం నుంచి బయటపడిన గొర్రెకు అది మళ్లీ రాదు. అయిదు నెలలకు ఈత మొదలైంది. మూడో ఏడు దీపావళికి మళ్లీ 60 దాటాయి. అప్పటికి నువ్వు దొడ్డి వైపు రావడం మానేశావు, అందుకే ఆ పిల్లలను చూడలేదు.

ఈ ఉదయం మీ నాన్నకు అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, ఇన్నేళ్లుగా కట్టెలు వేసుకుంటున్న ఆ పాత దొడ్డి దగ్గరకు పోయి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాడు. నీ ఖర్చు లెక్కల కాగితం వచ్చేటప్పుడు తెమ్మన్నాడు.

దీపావళికి రా. అమావాస్య కదా, ఆ రాత్రికి చకోరానికి ఏం పెట్టాలో ఆలోచించుకుని రా. నా దగ్గర ఒక ఉపాయం ఉంది, నీది విన్నాక చెబుతాను.

మీ అత్త