కమిట్ మెసేజ్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: మిర్చి యార్డు కమీషన్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంటాం. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో మార్పుని భద్రపరిచినప్పుడల్లా (కమిట్) రాసే నా మెసేజ్‌లన్నీ ‘ఫిక్స్’, ‘అప్‌డేట్’ అనే ఉన్నాయని మా సీనియర్ గారు రోజూ క్లాసు పీకుతున్నారు. అంత అవసరమా? తెలుగులో రాయొచ్చా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అవసరమే బాబూ. ఆర్నెల్ల తర్వాత బిల్లు తేడా వచ్చి గిట్ బ్లేమ్ (ఏ లైనుని ఎవరు, ఏ కమిట్‌లో మార్చారో చూపే కమాండ్) కొట్టి, ఆ కమిట్ తెరిచి చూస్తే ‘ఫిక్స్’ అని ఉంటే ఎవరికేం తెలుస్తుంది? ‘బిల్లులో తరుగు రెండోసారి తీయడం ఆపు’ అని రాయండి. రెండు శాఖల కోడ్ కలిపినప్పుడు గిట్ తనంతట రాసే ‘మెర్జ్ బ్రాంచ్’ కూడా ఇలా ఆజ్ఞలాగే ఉంటుంది. మొదటి లైను 50 అక్షరాల లోపు ఉంటే మంచిది, తర్వాత ఒక లైను ఖాళీ వదలండి, లేదంటే వన్‌లైన్ లాగ్‌లో (కమిట్‌కి ఒక్క లైను చొప్పున చూపే జాబితా) కింది వాక్యాలు కూడా వచ్చి దాంట్లో కలిసిపోతాయి. కింద ఎందుకు మార్చారో రాయండి: ‘కాటా దగ్గరే తరుగు తీసేస్తున్నారు, బిల్లులో మళ్ళీ తీస్తే రైతుకి నష్టం.’ ఏం మార్చారో కోడే చెబుతుంది, ఎందుకన్నది మాత్రం చెప్పదు.

తెలుగు రాయొచ్చు, గిట్‌కి అభ్యంతరం లేదు, కొన్ని టెర్మినల్స్‌లో ఒత్తులు చెదురుతాయంతే. టీమంతా ఒకే పద్ధతిలో ఉండండి. పుష్ చేయని (అంటే టీమ్ సర్వర్‌కి ఇంకా పంపని) చివరి కమిట్‌ని అమెండ్ ఆప్షన్‌తో దిద్దుకోవచ్చు, పాతవాటి జోలికి వెళ్ళకండి.