ల్యాబ్ ఎలుకలో పెద్దపేగు వాపు ఎలా తెప్పిస్తారు? సర్జన్ల శిక్షణకు పంది ఎందుకు?

చిట్టెలుకలు తాగే నీళ్లలో డీఎస్ఎస్ (డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం) అనే రసాయనం 2–3 శాతం కలిపి 5–7 రోజులు ఇస్తారు. అది పెద్దపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. బరువు తగ్గుతుంది, మలంలో రక్తం పడుతుంది, కోసి చూస్తే పేగు పొట్టిగా అయిపోయి ఉంటుంది. చిక్కంతా డీఎస్ఎస్‌తోనే. అణుభారం 36,000–50,000 ఉన్నదే ఎక్కువగా వాడతారు. అయినా బ్యాచ్ మారితే మోతాదు మళ్లీ సరిచూసుకోవాల్సిందే, లేకపోతే జబ్బే రాదు, లేదా ఎలుకలు చచ్చిపోతాయి. అందుకే ఎలుకలను రోజూ తూచాలి.

సర్జన్లకు ఎలుక చాలదు. పంది పిత్తాశయానికి మామూలు లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) పరికరాలే సరిపోతాయి. పైగా మత్తులో ఉన్న పందిలో రక్తనాళం తెగితే నిజంగానే రక్తం చిమ్ముతుంది. ప్లాస్టిక్ బొమ్మ అది నేర్పదు. పెద్దపేగు ఆపరేషన్లకు మాత్రం పంది అంతంతమాత్రమే, దాని పేగు శంఖంలా చుట్టలు చుట్టుకుని ఉంటుంది.